తాళంకప్ప మీది గీత: పనిముట్ల గుర్తులు, తుపాకీ గుర్తులు సేకరించి పోల్చే పద్ధతి

చాలా ఏళ్ల కిందట అమలాపురం దగ్గర ఒక ఊళ్లో బీరువా పగలగొట్టిన కేసుకి ఫోరెన్సిక్ నిపుణుడిగా వెళ్లాను. మేం వెళ్లేసరికే పెరట్లో అరటి దుబ్బు పక్కన పెద్ద స్క్రూడ్రైవర్ ఒకటి దొరికింది. స్టేషన్ నుంచి ముందే వచ్చిన కుర్రాడు దాన్ని తెచ్చి, బీరువా తలుపు అంచున ఉన్న నొక్కులో పెట్టి చూపించాడు. "చూడండి సార్, కరెక్టుగా దిగిపోయింది!" అన్నాడు. అంతే, ఆ సాక్ష్యం పని అయిపోయింది. నొక్కులో ఉన్న పాత గీతల మీద కొత్త గీతలు పడ్డాయి. స్క్రూడ్రైవర్ మొనకి బీరువా రంగు అంటింది. ఆ రంగు దొంగతనం నాడు అంటిందా, మావాడు అంటించాడా? డిఫెన్స్ లాయరు అడగక్కర్లేదు, నాకే తెలియదు.

మైక్రోస్కోపు గొప్పదే. కానీ మొదటి గంటలో చెరిగిపోయిన గీతని అది తిరిగి తేలేదు. అందుకే ఇందులో ల్యాబు పని కన్నా స్థలంలో చెయ్యాల్సిన పని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 176(3) ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన తేదీ నుంచి, ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు స్థలానికి రావాలి, వీడియో తీయించాలి. రాత్రిపూట ఇంటి తలుపు పగలగొట్టి చేసే దొంగతనం ఆ లెక్కలోకి వస్తుంది. మరి మన గోదావరి డెల్టాలో రోజూ జరిగేదేమిటి? రొయ్యల చెరువు గట్టు మీద ఏరేటర్ల కేబుల్ కోసుకుపోవడం, పొలంలో మోటారు వైరు ఎత్తుకుపోవడం. మామూలు దొంగతనానికి బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 303 కింద మొదటిసారి శిక్ష మూడేళ్ల వరకే. అంటే అక్కడికి క్లూస్ టీం తప్పనిసరిగా రావాలన్న రూలు లేదు. వెళ్లేది ఒక హెడ్ కానిస్టేబుల్, ఆయన వెనక ఒక కానిస్టేబుల్. ఇది ముఖ్యంగా వాళ్ల కోసం. లా చదివే పిల్లలకీ పనికొస్తుంది.

మొదట, గుర్తు ఏ రకమో చూడండి

పనిముట్టు వదిలే గుర్తులు స్థూలంగా మూడు రకాలు. సుత్తి దెబ్బ పడితే సుత్తి ముఖం ఆకారం లోహంలో దిగుతుంది. అది నొక్కుడు గుర్తు. గునపం మొన ద్వారబంధం మీద జారితే సమాంతరంగా సన్నగీతలు పడతాయి. అది రాపిడి గుర్తు. కటింగ్ ప్లేయర్‌తో తీగ తెంపితే రెండు అంచులు రెండువైపుల నుంచీ నొక్కుకుంటూ, జారుతూ తెంపుతాయి. అది కోత గుర్తు, ఇందులో పై రెండూ కలిసి ఉంటాయి.

గీతలు ఎలా పడతాయో అర్థం కావాలంటే వంటింట్లో జంతికల గొట్టం చూడండి. బిళ్ల రంధ్రం అంచున ఎక్కడో చిన్న గాటు ఉందనుకోండి. నొక్కినప్పుడు వచ్చే ప్రతి జంతిక మీదా అదే చోట ఒక గీత పొడవునా నడుస్తుంది. మీ ఇంటి జంతిక, పక్కింటి జంతిక పక్కపక్కన పెట్టి ఏది ఎవరి గొట్టంలోదో చెప్పొచ్చు. స్క్రూడ్రైవర్ మొన, తుపాకీ గొట్టం చేసేదీ ఇదే.

కానీ ఒక మెలిక ఉంది. ఆ గాటు మీ బిళ్లకి వాడకంలో పడిందా, బిళ్లలు తయారుచేసిన అచ్చులోనే ఉందా? అచ్చులోనే ఉంటే ఆ రోజు తయారైన బిళ్లలన్నిటికీ అదే గాటు ఉంటుంది. అందుకే గుర్తుల్ని మూడు తరగతులుగా చూస్తాం. మొన వెడల్పు, ఆకారం లాంటివి ఆ మోడల్ పనిముట్లన్నిటికీ ఉండే జాతి లక్షణాలు. ఒక బ్యాచ్‌కి మాత్రమే ఉండేవి ఉపజాతి లక్షణాలు. సాన పట్టినప్పుడూ, వాడకంలో పెచ్చులూడినప్పుడూ ఆ ఒక్క పనిముట్టుకే వచ్చేవి వ్యక్తిగత లక్షణాలు. అనుభవం ఉన్నవాళ్లు కూడా బోల్తా పడేది రెండోదాని దగ్గరే. కమ్మరి కొలిమిలో కాల్చి, ఆకురాయితో చేత్తో అరగదీసిన కొడవలికి ఈ బెడద తక్కువ. ఫ్యాక్టరీ సరుకుతోనే జాగ్రత్త.

ముట్టుకోకముందు ఫొటో

ముందు దూరం నుంచి గది అంతా, తర్వాత తలుపు, ఆ తర్వాత గుర్తు. దగ్గర ఫొటో తీసేటప్పుడు కెమెరా గుర్తుకి సరిగ్గా ఎదురుగా, నిలువుగా ఉండాలి. ఒకటి స్కేలు లేకుండా, ఒకటి స్కేలు పెట్టి తీయాలి. స్కేలు గుర్తు ఉన్న మట్టంలోనే ఉండాలి, రెండంగుళాలు పైన పట్టుకుంటే కొలత తప్పుతుంది. ఫ్లాష్ ఎదురుగా కొట్టకండి, గీతలన్నీ మాయమైపోతాయి. టార్చిలైటు పక్కనుంచి, దాదాపు తలుపుకి ఆనించినట్టు ఏటవాలుగా వెయ్యండి. ఒక్కో గీత నీడతో సహా లేస్తుంది. లైటు నాలుగువైపులకీ మార్చి నాలుగు ఫొటోలు తీయండి.

ఫొటో ఎంత బాగా వచ్చినా దాన్ని బట్టి ఏ నిపుణుడూ "ఇదే పనిముట్టు" అని చెప్పడు. అది గుర్తు ఎక్కడుంది, ఎటు తిరిగి ఉంది అని చెప్పడానికే.

వస్తువునే తీసుకెళ్లగలిగితే, తీసుకెళ్లండి

తాళంకప్ప, గొళ్లెం, తీగ ముక్క, హుండీ మూత, ఏది ఊడదీయగలిగితే దాన్ని అలాగే తీసుకెళ్లడం అన్నిటికన్నా మేలు. తెగిన తాళంకప్పైతే పైన వంపు కడ్డీ ముక్కలన్నీ వెతకండి, మట్టిలో పడిన చిన్న ముక్కతో సహా. తాళం పగలకుండా తెరుచుకుందంటే లోపల దొంగతాళం గీతలు ఉండొచ్చు. మీరు అసలు తాళంచెవి పెట్టి "పనిచేస్తోందా" అని తిప్పి చూడకండి.

ఇప్పుడు తీగల సంగతి. ఒకసారి ముమ్మిడివరం వైపు ఒక రొయ్యల చెరువు దగ్గర, రెండు స్తంభాల మధ్య కేబుల్ కోసుకుపోయారు. స్తంభాలకి రెండు కొసలు మిగిలాయి. వాటిని దించడానికి మేం ఎక్కడో ఒకచోట కొయ్యాలి కదా. అలా కోసినప్పుడు ప్రతి ముక్కకీ రెండు కొసలు వస్తాయి, ఒకటి దొంగది, ఇంకొకటి మనది. రెండూ కొత్త రాగిలా మిలమిల్లాడుతుంటాయి. ల్యాబులో కూర్చున్నవాడికి ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది? కాబట్టి కొయ్యకముందే దొంగ కోసిన కొసకి కాగితం తొడిగి, దారం కట్టి, "అనుమానిత కోత" అని రాయండి. అక్కడి నుంచి కనీసం జానెడు వదిలి మీరు కొయ్యండి. మీ కొసకి రంగు టేపు చుట్టండి. కోసింది ఏ కట్టర్‌తోనో రాసుకోండి. దొంగ దగ్గర దొరికిన కట్టర్‌తో మాత్రం చచ్చినా కొయ్యకండి. నవ్వకండి, జరిగింది.

తీగ కొసని చూసే పద్ధతి కూడా చెబుతాను. పదిరెట్లు పెద్దగా చూపించే భూతద్దం కింద పెడితే, కటింగ్ ప్లేయర్‌తో తెంపిన కొస పెంకుటిల్లు కప్పులా ఉంటుంది. రెండువైపుల నుంచీ రెండు వాలులు, మధ్యలో వెన్నుగోడు లాంటి గట్టు. ఒక్కో వాలు మీద ఒక్కో అంచు తన గీతలు వదులుతుంది. కత్తెరలా ఒకదాన్ని దాటి ఒకటి పోయే కట్టరైతే ఆ గట్టు ఉండదు, కొస ఒకవైపుకి వాలి కొద్దిగా వంగి ఉంటుంది. హ్యాక్సా బ్లేడుతో కోస్తే బల్లపరుపుగా, అడ్డగీతలతో, అంచున పొట్టుతో ఉంటుంది. రంపం పన్ను వెనక పన్ను తన ముందు పన్ను గీతని చెరిపేస్తుంది గనక బ్లేడుని గుర్తుపట్టడం దాదాపు కుదరదు. ఈ మాత్రం తెలిసినా అనుమానితుడి ఇంట్లో దేనికోసం వెతకాలో తెలుస్తుంది.

ఊడదీయలేనిది ఉంటే, అచ్చు తీయండి

బ్యాంకు స్ట్రాంగ్‌రూం తలుపుని జీపులో వేసుకుపోలేం. అప్పుడు సిలికాన్ అచ్చు. సున్నితమైన గీతలకి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పనికిరాదు, అది కాలిముద్రలకి. కిట్ లేకపోతే పళ్ల డాక్టర్లు పళ్ల కొలతలకి వాడే సిలికాన్ కూడా అంతే నమ్మకంగా పనిచేస్తుంది. ఏ టౌనులోనైనా దొరుకుతుంది.

ముందు గుర్తు మీద రంగు పెచ్చు, ఇనుప రజను, వేలిముద్ర ఉన్నాయేమో చూసి అవి సేకరించాలి. అచ్చు తీస్తే అవన్నీ దానికే అంటుకుపోతాయి. దుమ్ముంటే గాలి ఊదే బల్బుతో ఊదండి, గుడ్డతో తుడవకండి, బ్రష్షుతో రుద్దకండి. రెండు పేస్టులు సమానంగా అట్టముక్క మీద వేసి గట్టిగా కలపండి. మే నెల ఎండలో అది మనం అనుకున్నదానికన్నా త్వరగా గట్టిపడుతుంది, కలిపి ముచ్చట్లు పెట్టుకుంటే అట్టమీదే రాయైపోతుంది. గుర్తు ఒక చివర నుంచి మొదలుపెట్టి మెల్లగా రెండో చివరకి తోసుకుంటూ పొండి, గాలి బుడగ చిక్కకూడదు. పైభాగంలో ఒక ట్యాగు గుచ్చి, పైకి ఏ దిక్కో బాణం గీయండి. గట్టిపడ్డాక అంచు నుంచి ఒలిచినట్టు తీయండి. రెండో అచ్చు కూడా తీయండి. మొదటిదానికి మురికి అంటుకుని వస్తుంది, రెండోదే శుభ్రంగా ఉంటుంది.

అచ్చులో గుంట గట్టవుతుంది, కుడి ఎడమవుతుంది. కాబట్టి ల్యాబులో దీన్ని పరీక్ష గుర్తు (అనుమానిత పనిముట్టుతో ల్యాబులో వేసి చూసే గుర్తు) తాలూకు అచ్చుతోనే పోలుస్తారు, అసలు గుర్తుతో కాదు.

తుప్పు

డెల్టాలో మనకి దొంగకన్నా పెద్ద శత్రువు ఉప్పుగాలి. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు ఇనుము రెండు రాత్రులు తేమలో ఉంటే చాలు, ఎర్రబారుతుంది. తుప్పు మొదట తినేది సన్నగీతల్నే. స్టేషన్లలో ఇప్పటికీ చూస్తుంటాను, తడి స్క్రూడ్రైవర్‌ని ప్లాస్టిక్ కవర్లో వేసి స్టేప్లర్ కొట్టేస్తారు. లోపల చెమట పట్టి వారంలో తుప్పు. గాలికి ఆరబెట్టి, మొనకి మెత్తని కాగితం చుట్టి, అట్టపెట్టెలో కదలకుండా కట్టండి. నూనె రాయకండి, మొన మీద రంగు పెచ్చులుంటే పోతాయి. పనిముట్టునీ, దెబ్బతిన్న వస్తువునీ ఒకే పెట్టెలో ఎప్పుడూ పెట్టకండి.

సీలు, తేదీ, మధ్యవర్తుల సంతకాలు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రాసిన కాగితం, ఇవి మీకు తెలిసినవే. సోదా, స్వాధీనం వీడియో తీయాలని బీఎన్‌ఎస్‌ఎస్ 105 చెబుతోంది. ఆ వీడియోలో పనిముట్టు మొన దగ్గరగా కనపడేలా తీయించండి, తర్వాత "ఈ పెచ్చు ల్యాబులో ఊడింది" అన్న వాదన రాదు.

పనిముట్టు దొరికాక

దొంగతనానికీ పనిముట్టు దొరకడానికీ మధ్య ఎన్ని రోజులు గడిచాయో రాయండి. ఇది ఎవరూ రాయరు. మొన రోజూ వాడుతుంటే మారిపోతుంది. మూడు నెలలు ఎలక్ట్రీషియన్ సంచిలో తిరిగిన కటింగ్ ప్లేయర్ గీతలు సరిపోకపోయినంత మాత్రాన అది కాదని చెప్పలేం. అదే కారణంతో ఇనప సామాన్ల కొట్టులో దొరికిన రాగి చుట్టని వదిలిపెట్టకండి, అందులోని కొసలు కూడా మాట్లాడతాయి. తెచ్చిన కొస, స్తంభం దగ్గర మిగిలిన కొస ఒకే కోత రెండు ముఖాలైతే పనిముట్టు దొరక్కపోయినా కేసు నిలబడుతుంది.

ల్యాబుకి రాసే ఉత్తరంలో "పరిశీలించి రిపోర్టు ఇవ్వగలరు" అని వదిలెయ్యకండి. ఏ వస్తువు మీద ఏ గుర్తుని ఏ పనిముట్టుతో పోల్చాలో విడివిడిగా అడగండి. ముద్దాయి నేరం ఒప్పుకున్నాడని మాత్రం రాయకండి. చూసేవాడి కన్ను ముందే ఒకవైపు మొగ్గుతుంది.

ల్యాబులో జరిగేది

మొదట పనిముట్టు మీది రంగు, రజను, రక్తం తీసి పక్కన పెడతారు. తర్వాత జాతి లక్షణాలు. బీరువా మీద 8 మిల్లీమీటర్ల నొక్కు ఉండి, పంపింది 12 మిల్లీమీటర్ల మొన అయితే అక్కడితో సరి, అది కాదు. సరిపోతేనే పరీక్ష గుర్తులు వేస్తారు. మొదట సీసం రేకు మీద, ఎందుకంటే అది మెత్తన, పనిముట్టు అంచుని పాడుచెయ్యదు. అవసరమైతే తర్వాత అసలు వస్తువు లాంటి లోహం మీద. కోణం మారితే గీతల మధ్య దూరం మారిపోతుంది. కాబట్టి ముప్పై, నలభై అయిదు, అరవై డిగ్రీల్లో, మొన రెండువైపులతోనూ, తోస్తూ, లాగుతూ ఎన్నో వేయాలి. ఈ పని విసుగు. విసుగని తగ్గించుకున్నవాడి రిపోర్టు బోనులో తెలిసిపోతుంది.

తర్వాత కంపారిజన్ మైక్రోస్కోపు. రెండు మైక్రోస్కోపుల్ని పైన అద్దాల వంతెనతో కలిపినట్టుంటుంది. ఎడమవైపు నేరస్థలం గుర్తు, కుడివైపు పరీక్ష గుర్తు, మధ్యలో సన్నని గీత. 1920ల్లో అమెరికాలో ఫిలిప్ గ్రావెల్, కాల్విన్ గొడ్డార్డ్ దీన్ని తుపాకీ పనికి తెచ్చారు. 1929లో షికాగోలో ఏడుగురిని కాల్చి చంపిన కేసులో గొడ్డార్డ్ ఇచ్చిన అభిప్రాయంతోనే దీనికి పేరొచ్చింది. రెండువైపులా అన్నే రెట్లు పెద్దగా కనపడాలి, ఒకే కోణంలో లైటు ఉండాలి. ఒక గుర్తుని మెల్లగా జరుపుతూ పోతే ఒక్కోసారి గీతలన్నీ మధ్యగీత దాటి అటునుంచి ఇటు కలిసిపోతాయి. మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. ఆ జలదరింపునే నమ్మకూడదు. ఏ రెండు గుర్తుల్లోనైనా కొన్ని గీతలు యాదృచ్ఛికంగా కలుస్తాయి.

మరి ఎన్ని కలిస్తే చాలు? వరుసగా ఎన్ని గీతలు కలుస్తున్నాయో లెక్కపెట్టాలని 1959లో ఆల్ఫ్రెడ్ బయసోటి మొదలుపెట్టాడు. 1997లో బయసోటి, మర్డాక్ కలిసి ఒక కొలబద్ద పెట్టారు. లోతు కనపడే గుర్తుల్లో వరుసగా మూడేసి గీతలు కలిసే గుంపులు రెండు, లేదా ఆరు గీతలు ఒకే గుంపుగా. లోతు లేని గుర్తుల్లో అయిదేసి రెండు గుంపులు, లేదా ఎనిమిది ఒకే గుంపు. ఉపజాతి లక్షణాలు కావని తేల్చుకున్న తర్వాతే ఈ లెక్క. చాలామంది నిపుణులు లెక్కపెట్టరు, మొత్తం పోలికని బట్టి చెబుతారు. నా మటుకు నేను లెక్కపెట్టి రాసుకోవడమే ఇష్టపడతాను. రెండో నిపుణుడు నా పేరు, నా నిర్ణయం చూడకుండా మళ్లీ చూడాలి.

ఫలితం మూడు రకాలు. అదే పనిముట్టు, కాదు, తేల్చలేం. మూడోది రాయడానికి సిగ్గుపడేవాళ్లు ఈ వృత్తికి పనికిరారు.

తుపాకీ కేసైతే

డెల్టాలో తుపాకీ కేసు అరుదు. పాత ఇళ్లల్లో లైసెన్సు ఉన్న 12 బోరు తుపాకులు ఉంటాయి, ఎన్నికలొచ్చినప్పుడల్లా స్టేషన్లో డిపాజిట్ అవుతాయి. పిట్టలు కొట్టే ఎయిర్‌గన్లు కనిపిస్తాయి. నాటు తుపాకీ మాట ఏజెన్సీ వైపు ఎక్కువ.

పిస్టలు, రైఫిలు గొట్టం లోపల మెలితిరిగిన గాడులు ఉంటాయి. గాడులెన్ని, మెలిక కుడికా ఎడమకా, వెడల్పెంత, ఇవి జాతి లక్షణాలు. బుల్లెట్ మీది సన్నగీతలు గొట్టానివి. ఖాళీ తూటా డొప్ప మీద ఇంకా ఎక్కువ ఉంటాయి. పిన్ను గుచ్చిన గుంట, వెనక పలక ముద్ర, డొప్పని లాగే కొక్కెం గీత, బయటికి తోసే ముల్లు గుర్తు. పరీక్ష కోసం నీళ్ల తొట్టిలోకి కాలుస్తారు, బుల్లెట్ చెడకుండా దొరుకుతుంది.

12 బోరు గొట్టం లోపల నున్నగా ఉంటుంది. సీసపు గుళ్లని చూసి ఏ తుపాకీదో చెప్పలేం. కానీ డొప్ప వెనక ఇత్తడి మీద పిన్ను గుంట ఉంటుంది. జంట గొట్టాల తుపాకీకి రెండు పిన్నులు, రెండు గుంటలూ వేరువేరు. ఏ గొట్టం నుంచి పేలిందో కూడా చెప్పొచ్చు. కాబట్టి గడ్డిలో డొప్ప కోసం మోకాళ్ల మీద వెతకండి. గుళ్లు ఎంత వెడల్పున పరుచుకున్నాయో కొలిస్తే దూరం అంచనా వస్తుంది, అయితే అదే తుపాకీ, అదే రకం తూటాలతో ల్యాబులో కాల్చి చూసిన తర్వాతే.

చెయ్యకూడనివి కొన్ని. గొట్టంలో పెన్సిల్ దూర్చి ఎత్తకండి. బుల్లెట్‌ని ఇనప పటకారుతో పట్టుకోకండి, పక్కలమీద గుర్తు చెక్కకండి. పోస్టుమార్టంలో తీసే డాక్టరుగారికి ముందే ఒక మాట చెప్పండి, వేళ్లతో గానీ రబ్బరు తొడిగిన పటకారుతో గానీ తియ్యమని. రక్తం ఉంటే ఆరబెట్టి కాగితంలో విడిగా చుట్టండి. లోడై ఉన్న తుపాకీని ఖాళీ చెయ్యకుండా ఎవరికీ అందివ్వకండి. తుపాకీలో తూటాలు పెట్టే ఏ గదిలో ఏ తూటా ఉందో బొమ్మ గీసుకుని, తెలిసినవాళ్ల చేతే ఖాళీ చేయించండి.

చెరిపేసిన నంబరు

ఇది కూడా మా విభాగం పనే, దొంగబండ్ల వల్ల తుపాకులకన్నా ఎక్కువ వస్తుంది. బండి ఛాసిస్ (చట్రం) మీద నంబరు అచ్చుగుద్దినప్పుడు ఆ దెబ్బకి అంకె కింద లోహం కూడా లోపలికి నలుగుతుంది. పైన ఆకురాయితో అరగదీసినా ఆ నలుగుడు మిగులుతుంది. నున్నగా రుద్ది, ఇనుమైతే కాపర్ క్లోరైడ్, హైడ్రోక్లోరిక్ ఆసిడ్ కలిసిన ఫ్రై ద్రావణంతో దూదితో తుడుస్తూ పోతే నలిగిన చోటు వేరే వేగంతో కరిగి అంకె నీడలా తేలుతుంది. కాసేపే ఉంటుంది, కెమెరా సిద్ధంగా ఉండాలి. అరగదీయడం మరీ లోతుకి పోయినా, పైన వెల్డింగ్ పెట్టినా రాదు. స్టేషన్లో ఎవరూ ప్రయత్నించకండి.

బోనులో

నిపుణుడి అభిప్రాయానికి చోటిచ్చేది భారతీయ సాక్ష్య అధినియం 39, పాత సాక్ష్య చట్టంలో 45వ సెక్షన్. ప్రభుత్వ నిపుణుల రిపోర్టుల సంగతి బీఎన్‌ఎస్‌ఎస్ 329లో ఉంది. అభిప్రాయమే, తీర్పు కాదు. 2009లో అమెరికా నేషనల్ అకాడెమీ ఆఫ్ సైన్సెస్ రిపోర్టు ఈ పోలికలకి గణాంకాల పునాది సరిపోదని తప్పుపట్టింది. 2016లో అక్కడి అధ్యక్షుడి సైన్సు సలహామండలి తుపాకీ గుర్తుల మీద సరైన పద్ధతిలో చేసిన ప్రయోగం అప్పటికి ఒక్కటే కనిపిస్తోందని రాసింది. మనవాళ్లకి దీని మీద కోపం. నాకు లేదు. "ప్రపంచంలో ఇంకే పనిముట్టూ ఈ గుర్తు వేయలేదు" అని ఎవరూ అనకూడదు, ప్రపంచంలోని పనిముట్లన్నీ మనం చూడలేదు.

ముమ్మిడివరం కేబుల్ కేసులో లాయరుగారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇదే. "ఇలాంటి కటింగ్ ప్లేయర్లు బజార్లో వందలు దొరుకుతాయి కదండీ?" దొరుకుతాయన్నాను. "అన్నిటికీ ఇలాంటి గుర్తే పడుతుంది కదా?" ఆకారం ఒకేలా పడుతుంది, గీతలు పడవు అన్నాను. ఒక అంచున పెచ్చు ఊడిన చోటు ఫొటోలో చూపించాను. దానికి తగ్గ గట్టు రెండు కొసల మీద, పరీక్షకి కోసిన పదకొండు తీగల మీద ఒకే చోట ఉంది. "మీరు పరీక్షించిన కొసలు నాలుగు. రెండిటి గురించే చెబుతున్నారేం?" అన్నారు. మిగతా రెండూ స్తంభాలవి కావు, చెరువు అంచున తడిలో పడి ఉండి పచ్చగా చిలుము పట్టాయి, వాటి మీద గీతలు లేవు, తేల్చలేమని రిపోర్టు మూడో పేజీలో రాశాం అని చెప్పాను. ఆయన మూడో పేజీ తిప్పి చూసుకుని కూర్చున్నారు.